మోటారుసైకిలు గాలిదారి: ఒక మైలేజీ నమ్మకం పుట్టుపూర్వోత్తరాలు

మోటారుసైకిలు ఇంజనులోకి గాలి వెళ్లే దారిని వెడల్పు చేస్తే పెట్రోలు ఆదా అవుతుందన్న నమ్మకం మెకానిక్ షెడ్డుల్లో తరాలుగా చెలామణీలో ఉంది. దాన్ని వట్టి భ్రమగా కొట్టిపారేసేవారూ, అనుభవంతో తేలిన సత్యంగా సమర్థించేవారూ కూడా ఆ నమ్మకం ఏ యంత్రాన్ని ఆధారం చేసుకొని పుట్టిందో పట్టించుకోరు. అది కార్బరేటరు కాలపు నమ్మకం. ఆ కాలంలో అందులో కొంత నిజం ఉండేది, ఆ నిజానికి చెల్లించవలసిన మూల్యమూ ఉండేది.

1885లో డైమ్లర్, మేబాక్‌లు రూపొందించిన తొలి పెట్రోలు ద్విచక్రవాహనం నాటికి పెట్రోలును గాలిలో కలిపే పద్ధతి చాలా మోటుగా ఉండేది. ఆవిరైన పెట్రోలు గాలితో కలిసి సిలిండరులోకి చేరేదే తప్ప ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్న లెక్క కుదిరేది కాదు. 1893లో మేబాక్ జర్మనీలోనూ, బాంకీ, చోంకా అనే ఇద్దరు హంగరీలోనూ సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మించే కార్బరేటరును రూపొందించారు. ఇరుకైన గొంతు గుండా వేగంగా పోయే గాలి తన పీడనాన్ని కోల్పోతుందనీ, ఆ లోటు వల్ల పక్కనున్న ద్రవం పైకి లేస్తుందనీ 1797లోనే ఇటలీ శాస్త్రవేత్త వెంచురీ ప్రకటించిన పరిశీలనలే దీనికి మూలం. పెట్రోలును చిమ్మే ఆ రంధ్రాన్నే జెట్ అంటారు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజను గరిష్ఠశక్తి ఇచ్చేది పెట్రోలు కాస్త ఎక్కువగా, అంటే 12.5 నుంచి 13 పాళ్ల గాలికి ఒక పాలుగా ఉన్నప్పుడు; పెట్రోలు బాగా కలిసివచ్చేది గాలి 16 పాళ్ల దాకా పెరిగి మిశ్రమం పలచబడినప్పుడు. శక్తి కోరేవాడికీ ఆదా కోరేవాడికీ ఒకే మిశ్రమం సరిపడదన్న ఈ చిక్కే ఆ తర్వాతి కథంతటినీ నడిపింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ చిక్కును తీర్చుకొనే బాధ్యత నడిపేవాడిదే. నాటి మోటారుసైకిళ్ల హ్యాండిలు మీద రెండు మీటలు ఉండేవి. ఒకటి మిశ్రమం ఎంత వెళ్లాలో నిర్ణయించేది, రెండోది అందులో గాలి ఎంతో నిర్ణయించేది. ఇంజను తడబడనంత వరకు గాలి మీటను తెరిచి ఉంచడం, ఎత్తు ఎక్కేటప్పుడు కొద్దిగా మూయడం నేర్పరి లక్షణం. ఇంధనపు పొదుపు అప్పట్లో యంత్రంలో కాక మనిషి బొటనవేలిలో ఉండేదన్నమాట. మీట అలవాటు తప్పిన తర్వాత కూడా ‘ఎక్కువ గాలి అంటే ఎక్కువ మైళ్లు’ అన్న సూత్రం మిగిలిపోయింది. కార్బరేటరు దాటిన చోట అదనంగా గాలిని చొప్పించే కవాటాలు చాలాకాలం అమ్ముడుపోయాయి. 1930ల్లో కెనడాకు చెందిన చార్లెస్ నెల్సన్ పోగ్ పేటెంటు పొందిన కార్బరేటరు గాలనుకు 200 మైళ్లు ఇస్తుందన్న ప్రచారం, రుజువు కాకపోయినా, నేటికీ చావలేదు. 1970ల చమురు సంక్షోభాల తరువాత అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి వందకు పైగా పరికరాలను పరిశీలించగా, లాభం చూపినవి కొన్నే. ఆ లాభమూ స్వల్పమే.

గాలిదారికి వడపోత తోడవడం వేరే కథ. బ్రిటిషు మోటారుసైకిళ్లలో చాలావాటికి 1930ల దాకా కార్బరేటరు మూతి బార్లా తెరిచే ఉండేది. తడి నేల మీద తిరిగే బండికి ధూళి పెద్ద బెడద కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారికి వెళ్లిన బీఎస్ఏ ఎం20 వంటి సైనిక వాహనాలకు పెట్రోలు ట్యాంకు మీద వోక్స్ సంస్థ తయారుచేసిన పెద్ద ఫిల్టరు పెట్టె అమర్చవలసి వచ్చింది, ఎందుకంటే ఇసుకరేణువు సిలిండరు గోడను ఆకురాయిలా అరగదీస్తుంది. యుద్ధం తర్వాత ఫిల్టరు, దాన్ని మోసే డబ్బా, అంటే ఎయిర్ బాక్స్, బండి శరీరంలో భాగమయ్యాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది: ఫిల్టరు గాలికి కలిగించే ఆటంకాన్ని ముందే లెక్కలోకి తీసుకొని కర్మాగారం జెట్ పరిమాణాన్ని నిర్ణయిస్తుంది కనుక, ఫిల్టరు తీసివేయడమంటే గాలిని పెంచడం మాత్రమే కాదు, జెట్ లెక్కను తప్పించడం కూడా.

భారతదేశంలో ఈ విషయం సామాన్యుడి చర్చలోకి వచ్చింది 1980ల్లో. 1983లో ఎస్కార్ట్స్ సంస్థ తెచ్చిన రాజ్‌దూత్ 350 ఇందుకు మంచి ఉదాహరణ. జపానులో 39 హార్స్‌పవర్ ఇచ్చిన యమహా ఇంజనును, మైలేజీ పేరు చెప్పి, ప్రధానంగా సైలెన్సరు దారిని బిగించి 30.5కు, తరువాతి రకంలో 27కు తగ్గించారు. అయినా అది పెట్రోలు తాగే బండిగానే పేరుపడింది. ఇంజను ఊపిరి బిగించినంత మాత్రాన పొదుపు రాదని మన దేశంలో ఖరీదుగా నేర్చుకున్న పాఠం అదే. దాని వంటి టూస్ట్రోక్ ఇంజనులో కొత్త మిశ్రమం కొంత కాలకుండానే పొగగొట్టంలోకి జారిపోతుంది, గాలిదారిని ఎంత సవరించినా ఆ నష్టం పూడదు. 1985లో హీరో హోండా సీడీ100 విడుదలైనప్పుడు లీటరుకు 80 కిలోమీటర్లన్న ప్రకటన జనాన్ని ఆకట్టుకొన్నది. దాని నాలుగు స్ట్రోకుల ఇంజను కవాటాలు ఆ జారుడును అరికట్టడమే అందులోని కిటుకు. అదే కాలంలో వచ్చిన యమహా ఆర్ఎక్స్100 మాత్రం 98 సీసీల్లో 11 హార్స్‌పవర్ చూపి, పికప్ కోరే కుర్రకారును తనవైపు తిప్పుకొంది.

హైదరాబాదు పుత్లీబౌలి మొదలుకొని ప్రతి పట్టణంలోని షెడ్డు దాకా ఈ రెండు వర్గాల బండ్లూ వచ్చి నిలబడేవి, మైలేజీ రావడం లేదన్న ఫిర్యాదుకు వైద్యమూ ఒకే తీరుగా సాగేది. స్పాంజి ఫిల్టరును తీసి, కిరోసిన్‌లో పిసికి కడిగి, ఆరిన తర్వాత ఇంజను ఆయిలులో ముంచి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి తిరిగి పెట్టేవారు. ధూళి ఆ నూనెకు అంటుకొని ఆగిపోతుంది. కాగితపు ఫిల్టరైతే లోపలి నుంచి బయటికి గాలి కొట్టేవారు. తర్వాత ప్లగ్గు విప్పి దాని మొన చూసేవారు: మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబారితే తక్కువ, ఇటుక రంగులో ఉంటే సరి. కార్బరేటరు సూదికి ఉండే గాట్లలో క్లిప్పును ఒక గాటు పైకి జరిపితే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. ఇంత చేసిన తర్వాత మైలేజీ పెరిగేది, అది అబద్ధం కాదు. మూసుకుపోయిన ఫిల్టరు కార్బరేటరు బండిలో మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది కాబట్టి, శుభ్రపరచడంతోనే కొంత పెట్రోలు మిగిలేది.

చిక్కు వచ్చింది దీన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లినప్పుడు. శుభ్రమైన ఫిల్టరు మేలు చేస్తే అసలు లేని ఫిల్టరు మరింత మేలు చేయాలన్న తర్కంతో ఫిల్టరు తీసేసినవారూ, ఎయిర్ బాక్సుకు రంధ్రాలు పెట్టినవారూ ఉన్నారు. కర్మాగారం జాగ్రత్తకోసం కాస్త చిక్కగా ఉంచిన మిశ్రమం దీనితో పలచబడి, కొన్నాళ్లపాటు మైలేజీ నిజంగానే పెరిగినట్టు కనిపించేది. కానీ పలచని మిశ్రమం ఇంజనును వేడెక్కిస్తుంది. టూస్ట్రోక్ బండిలో ఆ మిశ్రమంతో పాటు వచ్చే నూనె కూడా తగ్గి, పిస్టన్ పట్టేసి, ఇంజను సీజ్ అయిన ఉదంతాలు షెడ్డులన్నింటికీ తెలుసు. ధూళికి పిస్టన్ రింగులు అరిగి, నీలిపొగ మొదలయ్యాక బోరు పని చేయించుకొన్న ఖర్చు ముందు మిగిలిన పెట్రోలు ఏపాటిదో లెక్క వేసినవారు అరుదు. పందేలవారి పద్ధతి దీనికి విరుద్ధం. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పుట్టిన కె అండ్ ఎన్ సంస్థ నూలు వడపోతల వంటివి అమర్చినప్పుడు వారు జెట్‌ను పెద్దది చేసుకొంటారు. గాలితో పాటు పెట్రోలూ పెరుగుతుంది, శక్తీ పెరుగుతుంది, మైలేజీ మాత్రం తరుగుతుంది.

ఈ నమ్మకంలోని అసలు లోపం థ్రాటిల్‌లో, అంటే చేతి మలుపుతో కదిలే గాలిమూతలో ఉంది. పెట్రోలు ఇంజను తక్కువ శక్తితో నడిచేటప్పుడు ఆ మూతే గాలిని కావాలని బిగించి ఉంచుతుంది. దాని ముందున్న ఫిల్టరు కలిగించే ఆటంకం ఆ బిగింపుతో పోలిస్తే అతి స్వల్పం, కాబట్టి ఫిల్టరు దారి సులువైతే నడిపేవాడు మూతను రవంత తక్కువ తెరుస్తాడు, అంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో కొత్త కార్లపై జరిపిన పరీక్షల్లో, ఫిల్టరు మూసుకుపోయినా ఇంధనపు ఖర్చు చెప్పుకోదగినంత మారలేదనీ, వేగం పుంజుకోవడమే మందగించిందనీ తేలింది. పాత కార్బరేటరు కార్లలో మాత్రం మూసుకుపోయిన ఫిల్టరు మారిస్తే సాధారణంగా 2 నుంచి 6 శాతం దాకా లాభం కనిపించింది. షెడ్డు అనుభవానికీ ప్రయోగశాల ఫలితానికీ ఉన్న వైరుధ్యం దీనితో చాలామటుకు విడిపోతుంది: రెండూ నిజమే, యంత్రాలే వేరు.

యంత్రం మారడానికి మన దేశంలో కొంత సమయం పట్టింది. 2006లో హీరో హోండా గ్లామర్‌లో పెట్రోలును సూక్ష్మంగా చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి వచ్చినా, ధర ఎక్కువై జనం పెద్దగా ఆదరించలేదు. ఏప్రిల్ 2020 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు కార్బరేటరుకు దాదాపు తెర దించాయి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు మిశ్రమం పలచబడిందని గుర్తిస్తే, నియంత్రణ యూనిట్ వెంటనే పెట్రోలు పెంచి 14.7 పాళ్ల చెంతకు తెస్తుంది. గాలిని పెంచి మిశ్రమాన్ని పలచబరిచే పాత ఉపాయానికి ఇక్కడ ఆస్కారం లేదు. పైపెచ్చు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనపు మూలరూపాన్ని మార్చడాన్ని పరిమితం చేస్తుంది. శబ్దం కోసమో పికప్ కోసమో ఫిల్టరు మార్చుకొనేవారు ఇప్పుడు సెన్సరు సంకేతాన్ని సవరించి మరింత పెట్రోలు చిమ్మించే చిన్న పెట్టెను కూడా కొనుక్కొంటున్నారు; ఒకప్పుడు పెట్రోలు మిగిల్చుకోవడానికి తెరిచిన గాలిదారిని, ఈ తరం మరింత పెట్రోలు పోసుకోవడానికి తెరుస్తోంది.