కొల్లసొమ్ము - పంపకం - జవాబుదారీ: 1816 గుంటూరు పిండారీ దాడి ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కలిసి దాడి చేసే ప్రతి బృందానికీ దొరికిన సొమ్మును పంచుకునే పద్ధతి ఒకటి ఉండాలి. ఆ పద్ధతిలోనే బృందసభ్యులు ఎవరికి జవాబుదారీగా ఉన్నారో తెలుస్తుంది. 1816లో గుంటూరు సర్కారుపై జరిగిన పిండారీ దాడిని కేంద్రంగా తీసుకొని, దానికి ముందున్న శివాజీ సైన్యనియమాలను, సమకాలికమైన ఈస్టిండియా కంపెనీ కొల్లసొమ్ము విధానాన్ని, 1922 నాటి మన్యం పోరాటాన్ని, నేటి ఆన్‌లైన్ క్రీడాబృందాల లెక్కలను పోల్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పిండారీలు, గుంటూరు సర్కారు, కొల్లసొమ్ము, పాల్‌పట్టీ, మన్యం పోరాటం, ఆన్‌లైన్ క్రీడలు.

1. ఉపోద్ఘాతం:
దోపిడి చరిత్రను సాధారణంగా దోపిడికి గురైనవారి నష్టం వైపు నుండి, లేదా దాన్ని అణచివేసిన రాజ్యం వైపు నుండి రాస్తారు. దోచుకున్నవారి మధ్య ఆ సొమ్ము ఎలా చేతులు మారిందన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. వందలమంది కలిసి చేసే దాడిలో సొమ్ము కొందరికే చిక్కుతుంది. కాపలా కాసినవాడికి, గుర్రాలు పట్టుకున్నవాడికి, దారి చూపినవాడికి చేతికి ఏదీ దొరకకపోవచ్చు. వారికి వాటా లేకపోతే మరుసటి దాడికి రారు. దొరికినవాడు దాచుకుంటే దండులో నమ్మకం పోతుంది. కనుక దండు నిలవాలంటే లెక్క కావాలి. ఆ లెక్క ఎవరికి చూపాలి, ఎవరికి చూపనక్కరలేదు అన్నదానిని బట్టి దండు ప్రవర్తన మారుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఈ పరిశీలనకు క్షేత్రం గుంటూరు నుండి మార్టూరు మీదుగా ఒంగోలు వైపు సాగే నల్లరేగడి మైదానం. గుండ్లకమ్మకు ఉత్తరాన ఉన్న మార్టూరు పూర్వపు గుంటూరు సర్కారులోనిది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి మారింది. నేడు పత్తి, మిరప పండే ఈ మైదానంలో అడ్డుగా నిలిచే కొండలు తక్కువ. మార్చి నాటికి చాలా పైర్లు కోతకొచ్చి, ధాన్యం పాతరలకు, సొమ్ము ఇళ్లకు చేరి ఉంటుంది. ఏరులు దాటడం సులభమవుతుంది. వేగంగా వచ్చి వేగంగా పోయే అశ్వికదండుకు ఇంతకన్నా అనువైన నేల, అనువైన కాలం ఉండవు.

2. శివాజీ సైన్యం - జాబితా, తనిఖీ:
పిండారీలకు పూర్వం దక్కన్‌లో కొల్లసొమ్ముకు కట్టుదిట్టమైన నియమాలు లేకపోలేదు. సభాసదు బఖరు వర్ణించిన శివాజీ సైన్యవ్యవస్థ దీనికి ఉదాహరణ. వానాకాలం శిబిరంలో గడిపిన సైన్యం దసరాకు బయలుదేరేది. బయలుదేరే ముందు పెద్దాచిన్నా తేడా లేకుండా ప్రతి ఒక్కరి వస్తువులకూ జాబితా రాసేవారు. ఎనిమిది నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు అందరినీ తనిఖీ చేసి ఆ జాబితాతో సరిచూసేవారు. అదనంగా కనబడినదాని విలువను జీతంలో మినహాయించేవారు. విలువైన సొత్తు రాజ్యానికి చేరేది. దాచినవారికి శిక్ష ఉండేది. దండుతో స్త్రీలను తీసుకుపోరాదనీ, పరదేశంలో స్త్రీలను, పిల్లలను పట్టరాదనీ నిషేధం ఉండేది.

ఈ పద్ధతి పనిచేయడానికి ఆధారం జీతం. ఇంటికి చేరే ఆదాయం నిశ్చితంగా ఉన్న సైనికుడికి చేతికి చిక్కిన నగ ప్రాణావసరం కాదు. కొల్లసొమ్ము రాజ్యాదాయంగా మారినప్పుడు సైనికుడు రాజ్యానికి జవాబుదారీ అవుతాడు. అయితే ఈ లెక్కలో కూడా సొమ్ము పోగొట్టుకున్నవాడికి చోటు లేదు. జాబితాలో ఉన్నది సైనికుడి సామాను మాత్రమే.

3. పిండారీలు - జీతం లేని దండు:
మరాఠా సైన్యాలను అనుసరించి వచ్చిన పిండారీలకు జీతం లేదు. దోచుకునే అనుమతే వారి ప్రతిఫలం. ఆ అనుమతికి బదులుగా వారే పాల్‌పట్టీ అనే పన్ను చెల్లించేవారు. అంటే జీతం ఇవ్వవలసిన ప్రభువు దోపిడిలో భాగం పుచ్చుకునేవాడయ్యాడు. సైనికుడి మీద తనిఖీ ఉంచవలసిన అవసరం ప్రభువుకు తీరిపోయింది. ఎంత తెచ్చారన్నదే ప్రశ్న, ఎలా తెచ్చారన్నది కాదు.

19వ శతాబ్ది ఆరంభానికి మరాఠా ప్రభువుల బలం సడలడంతో ఈ దండులు నర్మదాతీరంలో స్వతంత్రంగా స్థిరపడ్డాయి. చీతూ, కరీంఖాన్, వాసిల్ మహమ్మద్ వాటి ప్రధాననాయకులు. దసరా దాటి, నదులు దాటదగినవయ్యాక దండు బయలుదేరేది. దండు కూర్పు గురించి జాన్ మాల్కం ఇచ్చిన వివరణ గమనించదగినది. ప్రతి వెయ్యిమందిలో సుమారు నాలుగువందల మందికి మాత్రమే చెప్పుకోదగిన గుర్రాలు, ఆయుధాలు ఉండేవి. మరో నాలుగువందల మంది సాధారణమైన గుర్రాలపై వచ్చే దోపిడిగాళ్లు. తక్కినవారు తట్టువులపై వచ్చే బానిసలు, పరివారం. పోరాడేవారు, దోచేవారు, మోసేవారు ఒకే దండులో కలిసి ఉన్నప్పుడు పంపకం సమస్య ఎంత జటిలమో ఈ కూర్పే చెబుతుంది.

తెచ్చిన సొమ్ము శిబిరంలోనే అమ్ముడయ్యేది. 1815 చివర నిజాం రాజ్యంపై జరిగిన దాడి తర్వాత చీతూ స్థావరమైన నేమావర్‌కు నలుమూలల నుండి వర్తకులు చేరుకొని సొమ్ము కొన్నారు. దోపిడికి తక్షణ విపణి ఉండటం మరుసటి దాడికి ప్రేరణ అయింది. కొద్ది వారాలకే మరింత పెద్ద దండు సిద్ధమైంది.

4. గుంటూరు సర్కారు - 1816 మార్చి:
1816 ఫిబ్రవరిలో నర్మద దాటిన దండులో ఒక భాగం మార్చి 10 నాటికి మచిలీపట్నం జిల్లా పడమటి సరిహద్దును చేరింది. అక్కడి నుండి దక్షిణానికి మరలి, రోజుకు 38 మైళ్ల ప్రయాణంలో దారిపొడవునా గ్రామాలను దోచుకుంటూ మార్చి 12న గుంటూరులో ప్రవేశించింది. ఊరిలోని ఇళ్లు దోపిడికి గురయ్యాయి. కలెక్టరు ఇంటి వద్ద కొద్దిమంది విశ్రాంత సిపాయిలు నిలబడి ఎదిరించడంతో ఖజానా దక్కింది.

ఈ చిన్న సంఘటన దండు స్వభావాన్ని తెలుపుతుంది. ఖజానాలో ఉన్నది పెద్ద సొమ్ము. కాని దాని కోసం ప్రాణాలొడ్డి నిలిచిపోరాడటం పిండారీకి లాభసాటి కాదు. ముందు నడిచినవాడు చస్తే అతడి కుటుంబానికి జీతమూ లేదు, వెనుక ఉన్నవాడికి దక్కినదానిలో భాగం వస్తుందన్న భరోసా కూడా లేదు. కాపలా ఉన్న ఖజానాకన్నా కాపలా లేని గృహస్థు ఇల్లే మేలు. మరునాడే దండు యాభై మైళ్లకు పైగా సాగిపోయి, కడప వైపు మళ్లి, తర్వాత కృష్ణ దాటి ఉత్తరానికి వెళ్లిపోయింది.

ఈ దండు కంపెనీ భూభాగంలో ఉన్నది 12 రోజులు. తర్వాత ప్రభుత్వం నియమించిన విచారణసంఘం తేల్చిన లెక్క ప్రకారం దోపిడికి గురైన గ్రామాలు 339. చనిపోయినవారు 182 మంది. తీవ్రంగా గాయపడినవారు 505 మంది. చిత్రహింసలకు గురైనవారు 3,603 మంది.

ఈ అంకెల నిష్పత్తిని పరిశీలించాలి. చంపబడినవారికి సుమారు ఇరవై రెట్ల మంది హింసించబడ్డారు. ఇది యుద్ధోన్మాదం చూపే నిష్పత్తి కాదు. పాతిపెట్టిన సొమ్ము జాడ చెప్పించడానికి మనిషి బతికి ఉండాలి. గుర్రపు తోబరాలో వేడిబూడిద నింపి ముఖానికి కట్టి వీపుపై కొట్టడం వంటి పద్ధతులు ఆ పనికోసం ఏర్పడినవే. జీతం లేని మనిషి, తన రాబడి తన చేతికి చిక్కినదానిపైనే ఆధారపడినప్పుడు, కొన్ని గంటల వ్యవధిలో ఒక ఇంటి నుండి గరిష్ఠంగా రాబట్టాలని చూస్తాడు. అతడి క్రూరత్వాన్ని జాతిస్వభావంగా వర్ణించిన వలసపాలకుల రాతలకన్నా, పంపక విధానంలో దాని మూలాన్ని వెతకడం సమంజసం.

5. కంపెనీ కొల్లసొమ్ము:
ఈ దాడి లార్డ్ హేస్టింగ్స్ 1817-18లో పిండారీలపై సాగించిన యుద్ధానికి ముఖ్యకారణాల్లో ఒకటి. ఆ యుద్ధంతో అమీర్‌ఖాన్ టోంకు నవాబయ్యాడు. కరీంఖాన్ 1818 ఫిబ్రవరిలో మాల్కంకు లొంగిపోయి గోరఖ్‌పూర్ ప్రాంతంలో భూమి పొందాడు. చీతూ 1819లో అసీర్‌గఢ్ సమీపపు అడవిలో పులివాత పడ్డాడు. జీనుతో మేస్తూ దొరికిన అతడి గుర్రంపై ఉన్న సొమ్ము 250 రూపాయలు. వేలమందిని నడిపిన నాయకుడికి చివరికి మిగిలినది అది.

దోపిడిదండులను అణచిన కంపెనీ సైన్యం కూడా కొల్లసొమ్ము పంచుకున్నదే. అయితే ఆ పంపకం లిఖితపూర్వకం. ప్రైజ్ ఏజెంట్లు సొత్తును సేకరించి, వేలం వేసి, హోదాల వారీగా వాటాలు నిర్ణయించేవారు. అదే యుద్ధంలో పీష్వా, హోల్కరు, నాగపూరు రాజ్యాల నుండి చిక్కిన సొమ్ము ‘దక్కన్ ప్రైజ్’ పేరుతో పెద్ద వివాదమయింది. అది హేస్టింగ్స్ నడిపిన సైన్యానికి కూడా చెందాలా, లేక సర్ థామస్ హిస్లాప్ నడిపిన దక్కన్ సైన్యానికేనా అన్న తగవు ఇంగ్లండు దాకా వెళ్లి ఏళ్ల తరబడి సాగింది. ఆ సొమ్ముకు ధర్మకర్తగా వెల్లింగ్టన్ డ్యూకు వ్యవహరించాడు. నేమావర్ సంతకూ, లండన్ వ్యాజ్యానికీ తేడా పత్రాలలో ఉంది. సొమ్ము ఎవరిదన్న మొదటి ప్రశ్న రెండింటిలోనూ లేదు.

6. మన్యం పోరాటం - రాసిపెట్టిన లెక్క:
వందేళ్ల తర్వాత తెలుగునేలపై జరిగిన మరొక దాడిలో జవాబుదారీ భిన్నంగా కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో మన్యం వీరులు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేశారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు స్వాధీనం చేసుకున్నారు. తీసుకున్న ఆయుధాల వివరాలను స్టేషను పుస్తకంలో రాసి సీతారామరాజు సంతకం చేశాడు.

ఇక్కడ లెక్క చూపినది ప్రభువుకు గాని, వాటాదారులకు గాని కాదు, ఎదుటిపక్షానికి. స్వాధీనమైనవి ఆయుధాలు కనుక వాటిని సొంత ఆస్తిగా అమ్ముకునే అవకాశాన్ని ఉద్యమమే తోసిపుచ్చింది. సంతకం వల్ల నాయకుడు దాడి బాధ్యతను తనపై వేసుకున్నాడు, అనుచరుడు లెక్కలో లేనిది దాచుకునే వీలు తగ్గింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో భారతీయ సిబ్బందిని పోనిచ్చి బ్రిటిష్ అధికారులనే గురిచూసిన నిగ్రహం కూడా ఈ క్రమశిక్షణలో భాగమే. ఎవరిని తాకరాదో ముందే నిర్ణయించుకున్న దండుకు, ఏది తీసుకోరాదో కూడా తెలిసే ఉంటుంది.

7. ఆన్‌లైన్ దండులు:
ఈ పాతప్రశ్న నేడు ఆన్‌లైన్ క్రీడల్లో కొత్తరూపంలో కనిపిస్తున్నది. 1999లో విడుదలైన ‘ఎవర్‌క్వెస్ట్’, 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వంటి ఆటల్లో ఆటగాళ్లు బృందాలుగా ఏర్పడి దాడులు చేస్తారు. రెండో ఆట తొలిదశలో నలభైమంది గంటల తరబడి కలిసి పోరాడితే చివరకు దొరికేవి కొద్ది వస్తువులు మాత్రమే. దీనికి ఆటగాళ్లే ‘డ్రాగన్ కిల్ పాయింట్స్’ అనే పద్దును కల్పించుకున్నారు. దాడికి హాజరైతే పాయింట్లు జమ, వస్తువు తీసుకుంటే ఖర్చు. చెప్పకుండా మానేసినవారికి కోత విధించే బృందాలూ ఉన్నాయి. మరికొన్ని బృందాల్లో పెద్దల మండలి పంపకం చేస్తుంది. వంతు కానిది ఎత్తుకుపోయినవాడిని ‘నింజా’ అని బహిష్కరిస్తారు. 2018లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ నిర్వాహకులు నాయకుడి చేతిలోని పంపకాధికారాన్నే తొలగించారు.

ఇందులో చేతికి చిక్కినదానితో సంబంధం లేకుండా శ్రమకు విలువ కట్టడం ప్రధానాంశం. పిండారీ దండులో లోపించినది ఇదే. కాని ఈ పోలికకు ఒక హద్దు ఉంది. ఆటలోని రాక్షసుడికి ఇల్లూ లేదు, పాతరా లేదు. అందువల్ల అక్కడ సభ్యుల మధ్య న్యాయం ఒక్కటి నెరవేరితే చాలు. చరిత్రలోని దండుకు అది చాలదు.

8. ముగింపు:
• కొల్లసొమ్ము పంపక విధానం దండు ప్రవర్తనను నిర్ణయించే అంశాలలో ముఖ్యమైనది. జీతం, తనిఖీ ఉన్న సైన్యానికీ, అవి లేని పిండారీ దండుకూ తేడా ఇక్కడే ఉంది.
• 1816 దాడిలో హింసకు గురైనవారి సంఖ్య మృతుల సంఖ్యకన్నా ఎన్నో రెట్లు అధికంగా ఉండటాన్ని ఎవరి రాబడి వారే చూసుకునే పద్ధతి ఫలితంగా అర్థం చేసుకోవచ్చు.
• కంపెనీ పంపకం పత్రబద్ధమైనంత మాత్రాన న్యాయబద్ధం కాలేదు. లోపలి న్యాయం బయటి న్యాయానికి హామీ ఇవ్వదు.
• ఈ చరిత్రలో సొమ్ము తీసుకున్నవారే అవతలిపక్షానికి లెక్క చూపినది 1922 మన్యంలో. గుంటూరు మైదానంలో నష్టపోయినవారిని లెక్కించినది దోచినవారు కాదు, దాడిని ఆపలేకపోయిన ప్రభుత్వం. 339 గ్రామాల పేరిట మిగిలినది ఆ లెక్కే.