ఫలితాన్ని బట్టి పంతులు జీతం

పంతులు జీతాన్ని పిల్లల పరీక్షకు ముడిపెట్టడం మొన్న మొన్నటి ఆలోచన అనుకుంటాం. దానికి నూట అరవై ఏళ్లు దాటాయి. ఇంగ్లండులో పేదపిల్లల బడులకిచ్చే గ్రాంటు ఏటికేడు పెరుగుతుంటే, ఆ డబ్బుకు తగ్గ చదువు వస్తోందా అని 1861లో న్యూకాజిల్ కమిషన్ సందేహపడింది. విద్యావ్యవహారాలు చూస్తున్న రాబర్ట్ లో మరుసటి ఏడాదే 'సవరించిన కోడ్' అమల్లోకి తెచ్చాడు.

లెక్క ఇదీ: హాజరు మీద తలకు 4 షిల్లింగులు, పరీక్ష మీద 8. ఇన్‌స్పెక్టరు ముందు పిల్లవాడు చదవాలి, రాయాలి, లెక్క చెయ్యాలి. తప్పిన ప్రతి విషయానికీ 2 షిల్లింగుల 8 పెన్నీల కోత. డబ్బు అందేది యాజమాన్యానికే అయినా, చాలాచోట్ల ఆ కోత పంతులు జీతం మీదే పడింది. ఇక బడి అంతా ఆ ఒక్క రోజు కోసమే నడిచింది. డబ్బు రాని చరిత్ర, భూగోళం వెనకబడ్డాయి. పిల్లలు వాచకాన్ని అర్థం తెలియకుండానే కంఠతా పట్టారు. స్వయంగా స్కూళ్ల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఏళ్ల తరబడి దీన్ని ఖండించాడు. 1890లలో గాని ఆ పద్ధతి పోలేదు.

అప్పటికే అది మద్రాసు ప్రెసిడెన్సీకి చేరింది. మన వీధిబడి పంతుళ్లూ ఫలితాల గ్రాంటు కోసం పిల్లల్ని పరీక్షకు నిలబెట్టారు. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక బడుల విషయంలో ఈ పద్ధతినే సమర్థించింది.

నా దృష్టిలో రాబర్ట్ లో చేసిన పెద్ద తప్పు జీతాన్ని ముడిపెట్టడం కాదు, గీత గీయడం. గీత దాటితేనే డబ్బు అన్నప్పుడు, దాన్ని ఎలాగూ దాటలేని పిల్లవాడి మీద పంతులు ఎందుకు కష్టపడతాడు? అన్యాయమైపోయేది వాడే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 2005లో మొదలైన ప్రయోగం ఇక్కడే దారి మార్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, వాటిలో 200 చోట్ల టీచర్లకు బోనస్ ప్రకటించారు. జీతంలో కోత లేదు. ప్యాసయినవాళ్ల సంఖ్యను కాకుండా, పిల్లల సగటు మార్కులు ఎంత పెరిగాయన్నదే చూశారు. బోనస్ సగటున వార్షిక జీతంలో 3 శాతం. రెండేళ్లకు లెక్కల్లో, భాషలో ఆ బడుల పిల్లలు మిగతావారి కంటే ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ హోంవర్కు ఇచ్చామని, బడి వేళలు దాటాక కూడా పాఠాలు చెప్పామని వాళ్లు అన్నారు.