‘లియొనార్డో’: కళాకారులే కలం పట్టిన పత్రిక

కళనూ సాంకేతికతనూ కలిపి చర్చించిన పత్రికల్లో ‘లియొనార్డో’ది ముందు వరుస. 1968లో పారిస్‌లో దీన్ని స్థాపించిన ఫ్రాంక్ మలీనా అమెరికా తొలితరం రాకెట్ ఇంజనీరు, జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వ్యవస్థాపకుల్లో ఒకరు. 1947లో యునెస్కోలో చేరి పారిస్ వెళ్లారు. పాత కమ్యూనిస్టు సభ్యత్వాన్ని దాచారంటూ 1952లో అమెరికా ప్రభుత్వం ఆయనపై అభియోగం మోపింది. ఆయన ఫ్రాన్స్‌లోనే ఉండిపోయారు. విద్యుత్ దీపాలు, మోటార్లతో కదిలే చిత్రాలు చేశారు.

ఈ పత్రికను మేము గుర్తుచేయడానికి కారణం దాని పద్ధతి. విమర్శకుల వ్యాఖ్యానం కోసం చూడకుండా, కళాకారులే తమ పనిని వివరించాలి. ఏ సామగ్రి వాడారు, ఎలా చేశారు, ఎందుకు చేశారు అన్నది శాస్త్రవేత్తలు పరిశోధనాపత్రం రాసినట్టు రాయాలి. కంప్యూటర్‌తో బొమ్మలు గీసిన తొలితరం కళాకారిణి వెరా మోల్నార్ తన పద్ధతి గురించి 1975లో ఇందులోనే రాశారు.

1981లో మలీనా మరణించాక కుమారుడు రోజర్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఇప్పుడు ఎంఐటీ ప్రెస్ దీన్ని ప్రచురిస్తోంది.

డిజిటల్ కళ నేర్చుకునే విద్యార్థులు ఇందులోంచి తీసుకోవాల్సిన అలవాటు ఒకటుంది. బొమ్మతో పాటు అది తయారైన తీరునూ రాసిపెట్టుకోవాలి. మన పని గురించి మనం రాయకపోతే, ఇంకొకరు తమకు తోచినట్టు రాస్తారు.