గంజితొట్టి మొదలు గడపవఱకు: చెన్నపట్టణమున వృద్ధసేవ

పెద్దలను ఆదరించుట ఇంటివారి ధర్మమని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. కాని ఇల్లు కఱవైన పెద్దలకు ఊరే ఇల్లు కావలయునను తలంపు చెన్నపట్టణమున రెండు శతాబ్దములకు మునుపే మొలకెత్తినది. ఆ చరిత్రలో తెలుగువారికిని పాలు గలదు. దానిని మన పిల్లలకు చెప్పుట యవసరమని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1780లో హైదరాలీ సేనలు ఆర్కాటు సీమపై బడెను. పంటలు నాశనమై, పల్లెజనము ప్రాణములు అఱచేత బట్టుకొని పట్టణమునకు చేరిరి. 1782లో కఱవు ముదిరినపుడు, ఆకొన్నవారికి గంజి పోయుటకై నగరపు ఉత్తరభాగమున ఒక సత్రము వెలసెను. గ్రామాధికారియగు మణియకారుని పేరున అది మణియకారు సత్రమయ్యెను. ఇంగ్లీషువారి నోట ‘మానిగార్ చౌల్ట్రీ’గా మాఱెను. పేదజనము మాత్రము దానిని ‘గంజితొట్టి’ యనిరి. తమిళులకును మనకును తెలిసిన మాట యది.

గంజికై వచ్చినవారిలో రోగులు నుండిరి. వారికి మందు కావలసివచ్చెను. ఇట్లు సత్రము నంటి పెరిగిన వైద్యశాలయే క్రమముగా రాయపురము ఆసుపత్రియై, 1938లో స్టాన్లీ పేర వైద్యకళాశాలగా రూపొందెను. ఆసుపత్రి వేఱుపడినను సత్రము మూతపడలేదు. వేంకటగిరి రాజావారి సత్రముతో జతగూడి, దిక్కులేని ముదుసలులకు నీడయై నిలిచినది. ఒక తెలుగు సంస్థానపు పేరు తమిళనగరమున వృద్ధుల యాశ్రయమునకు అంటియుండుట మనకు గర్వకారణము.

స్వాతంత్ర్యానంతరము దాతల దయగా నున్నది క్రమముగా పౌరుల హక్కయ్యెను. 1962లో మద్రాసు రాష్ట్రమున వృద్ధాప్యపు పింఛను మొదలయ్యెను. 1978లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రియందు డాక్టరు వి. యస్. నటరాజన్ వృద్ధులకు ప్రత్యేక వైద్యము ప్రారంభించిరి. 2007 నాటి చట్టముచే, పోషింపని బిడ్డలపై తల్లిదండ్రులు రెవెన్యూ అధికారి యెదుట మొఱపెట్టుకొను వీలు కలిగెను. 2016లో 60 ఏండ్లు నిండిన నగరవాసులకు నెలకు 10 టోకెన్ల వంతున బస్సులలో ఉచితప్రయాణ మేర్పడెను. 2021లో, తెలుగువారు పెక్కురున్న కృష్ణగిరి జిల్లాలో ‘మక్కళై తేడి మరుత్తువం’ ఆరంభమై, రక్తపుపోటునకు, మధుమేహమునకు మందులు రోగి గడపకే చేరసాగెను. 2024లో గిండీయందు 200 పడకలతో వృద్ధులకొఱకే జాతీయకేంద్రము తెఱువబడెను.

ఇన్ని యుండియు లోటేమనగా, చెప్పెదము. మన పెద్దలు అంగడిలో తమిళము ధారాళముగా మాటలాడుదురు. కాని నొప్పి ముదిరినపుడు వారి నోట వచ్చునది తెలుగే. సలుపు వేఱు, తీపు వేఱు, పోటు వేఱు, గుంజుడు వేఱు. ఈ తేడా తెలిసి వైద్యునకు విడమఱచి చెప్పువారు ప్రక్కన లేకున్న మంచి మందును గుఱి తప్పును. కొడుకులు దూరదేశముల నున్నారు. ఇంటనున్న మనుమలకు ఆ మాటలు తెలియవు. పింఛనుకు అర్జీ యెచట నీయవలెనో, టోకెన్లు ఎచట దొరకునో చెప్పు దిక్కును లేదు.

ఈ లోటు తీర్చుటకు పెద్ద భవనములు, పెద్ద మొత్తములు అక్కఱలేదు. మన సంఘముననున్న యువకులు, యువతులు పేటకు ఇద్దఱేసి ముందుకు వచ్చిన చాలును. వారమున కొకనాడు పెద్దల యింటికి పోయి అర్జీలు పూర్తిచేయుట, ఆసుపత్రికి తోడుపోవుట, చూపు మందగించినవారికి తెలుగు పత్రిక చదివి వినిపించుట మనకు సాధ్యమైన పనులే. వీనివలన మనుమలకును తాతల భాష అబ్బును.

కఱవునాడు ఆకలిగొన్నవానికి ఈ యూరు గంజి పోసినది. నేడు మన పెద్దలు మననుండి కోరునది తెలుగు మాటతో ఒక్క గంట కాలము. దానిని ఈయలేనంత పేదలము కాము.