నిఘా సంస్థల సమాచార వ్యవస్థల ఆధునికీకరణ: కార్గిల్ నుంచి నాట్‌గ్రిడ్ వరకు

దేశ భద్రతకు సంబంధించిన సమాచారాన్ని సేకరించడం ఎంత ముఖ్యమో, దానిని అవసరమైన అధికారికి సకాలంలో చేరవేయడం కూడా అంతే ముఖ్యం. ఒక కార్యాలయంలోని ఫైలు, మరొక కార్యాలయంలోని కంప్యూటర్ నమోదు విడివిడిగా చూసినప్పుడు సాధారణమైనవిగానే కనిపిస్తాయి. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచినప్పుడే ప్రమాద సంకేతం బయటపడుతుంది. గడచిన పాతికేళ్లలో నిఘా సంస్థల సాంకేతిక వ్యవస్థలలో చేపట్టిన మార్పులకు ఈ అవసరమే ప్రధాన కారణం.

కార్గిల్ అనుభవం

కార్గిల్ యుద్ధానంతరం 1999 జూలై 29న కేంద్ర ప్రభుత్వం కె.సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా సంఘాన్ని నియమించింది. నిఘా సంస్థల మధ్య సమన్వయంలోను, అందిన సమాచారాన్ని మదింపు చేయడంలోను లోపాలున్నాయని ఈ సంఘం తన నివేదికలో పేర్కొన్నది. తదుపరి మంత్రుల బృందం చేసిన సిఫారసుల మేరకు 2001లో ఇంటెలిజెన్స్ బ్యూరో ఆధ్వర్యంలో మల్టీ ఏజెన్సీ సెంటర్ (మ్యాక్) ఏర్పాటైంది. రాష్ట్రాలలో దీనికి అనుబంధ కేంద్రాలను నెలకొల్పడం జరిగింది.

ముంబయి దాడుల అనంతరం

2008 నవంబర్ 26న ముంబయిపై జరిగిన ఉగ్రవాద దాడులలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ దాడులకు ముందు లక్ష్యాలను పరిశీలించిన అమెరికా పౌరుడు డేవిడ్ కోల్‌మన్ హెడ్లీ, 2006లో తన పూర్వనామమైన దావూద్ గిలానీని మార్చుకుని, 2006-2008 మధ్య ఐదు పర్యాయాలు ముంబయికి వచ్చి వెళ్లాడు. వీసా, ప్రయాణం, బస వంటి వివరాలు వేర్వేరు వ్యవస్థలలో నమోదవుతున్నప్పటికీ, వాటన్నింటినీ కలిపి చూసే ఏర్పాటు అప్పట్లో లేదు. 2009 అక్టోబర్‌లో అమెరికాలో అతడు అరెస్టయిన తరువాతనే ఈ రాకపోకల ఆంతర్యం వెల్లడైంది.

ఈ నేపథ్యంలో 2008 డిసెంబర్ 31న జారీ చేసిన ఉత్తర్వు ద్వారా మ్యాక్‌ను పటిష్ఠపరచి, రాత్రింబవళ్లు పనిచేసే కేంద్రంగా తీర్చిదిద్దారు. వివిధ శాఖల వద్ద ఉన్న సమాచార భాండాగారాలను అనుసంధానించి, అధీకృత భద్రతా సంస్థలకు అందుబాటులోకి తెచ్చేందుకు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ అనుబంధ కార్యాలయంగా జాతీయ నిఘా గ్రిడ్ (నాట్‌గ్రిడ్) రూపుదిద్దుకున్నది. దీని తొలి దశకు 2012లో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో ఆమోదం లభించింది. పోలీస్ స్టేషన్లను ఒకే వ్యవస్థలోకి తెచ్చే సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లోనే 2,000 కోట్ల రూపాయల కేటాయింపుతో ఆమోదం తెలపడమైనది.

అమెరికా నేర్పిన పాఠం

పాతబడిన వ్యవస్థల సమస్య భారతదేశానికే పరిమితం కాదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తరువాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, అనుమానితుల ఛాయాచిత్రాలను తన క్షేత్ర కార్యాలయాలకు ఈ-మెయిల్ ద్వారా పంపలేక కొరియర్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. కేసుల నిర్వహణకై తలపెట్టిన ‘వర్చువల్ కేస్ ఫైల్’ను సుమారు 17 కోట్ల డాలర్ల వ్యయం తరువాత 2005లో విరమించుకున్నారు. అవసరాలను ముందుగా ఖరారు చేసుకోకపోవడం, పని సాగుతుండగా మార్పులు కోరుతూ పోవడం ఇందుకు ముఖ్య కారణాలు. దాని స్థానంలో 2006లో ప్రారంభమైన ‘సెంటినెల్’ సైతం జాప్యానికి గురైంది. 2010లో సంస్థ తానే బాధ్యత తీసుకుని, పనిని చిన్న చిన్న దశలుగా విభజించి, 2012 జూలైలో దానిని వినియోగంలోకి తెచ్చింది.

హెచ్చరిక చేరినంత మాత్రాన చాలదు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్లు జరిగాయి. అంతకుముందే రాష్ట్రాలకు సాధారణ హెచ్చరికలు పంపినట్లు అప్పటి కేంద్ర హోం మంత్రి సుశీల్ కుమార్ షిండే ప్రకటించారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలియని హెచ్చరిక ఆధారంగా క్షేత్రస్థాయి అధికారి తీసుకోగల చర్యలు పరిమితం. యంత్రం వేగంగా సందేశాన్ని పంపగలదు గాని, ఆ సందేశానికి నిర్దిష్టతను సమకూర్చవలసినది విశ్లేషకుడే. కనుక పరికరాల కొనుగోలుతో పాటు విశ్లేషణ సిబ్బంది నియామకం, శిక్షణ కూడా ఆధునికీకరణలో అంతర్భాగమే.

చట్టపరమైన పరిమితులు

వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పౌరుల వివరాలను కలిపి చూసే ఏ వ్యవస్థ అయినా ఈ తీర్పుకు లోబడి పనిచేయవలసి ఉంటుంది. ఇంటెలిజెన్స్ బ్యూరో మొదలైన సంస్థలకు సమాచార హక్కు చట్టం, 2005లోని 24వ సెక్షన్ మినహాయింపు కల్పిస్తున్నది. 2011లో నాట్‌గ్రిడ్‌ను కూడా ఈ జాబితాలో చేర్చారు. అయితే అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి ఈ మినహాయింపు వర్తించదు. పాత్రికేయులు ఈ అంశాన్ని గమనించవలసి ఉన్నది.

తాజా పరిణామాలు

2025 మే 16న న్యూఢిల్లీలోని నార్త్ బ్లాక్‌లో కేంద్ర హోం మంత్రి అమిత్ షా నూతన మ్యాక్‌ను ప్రారంభించారు. 500 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో రూపొందిన ఈ సురక్షిత వ్యవస్థ జిల్లా పోలీసు సూపరింటెండెంట్ల స్థాయి వరకు విస్తరించింది. దీని ప్రయోజనం ఢిల్లీలోని యంత్రాల సామర్థ్యంతో పాటు, జిల్లాలో సందేశం అందుకున్న అధికారి తీసుకునే చర్యపైనా ఆధారపడి ఉంటుంది.