మూసీ కత్వల కింద వరి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారంబాగ్ వంతెన మీదుగా మూసీ దాటితే అంబర్‌పేట వస్తుంది. అక్కడి నుంచి నది నాగోలు, ఉప్పల్ మధ్యగా పారి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, గౌరెల్లి వైపు వెళ్తుంది. నదికి అడ్డంగా కత్వలు (చిన్న ఆనకట్టలు) కట్టి, కాలువలు తీసి వరి పండించడం ఈ ఊళ్ల పాత వ్యవసాయం.

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. దిగువకు వచ్చే వాననీరు తగ్గింది. హైదరాబాద్ నగరం పెరిగి మంజీర నీళ్లు, 2004 నుంచి కృష్ణా నీళ్లు ఇళ్లకు చేరాక, వాడి వదిలిన నీరు మురుగై మూసీలో కలిసింది. ఏరు ఎండాకాలంలోనూ పారసాగింది. యాసంగి వరికి నీటి కరువు తీరింది. మురుగులోని నత్రజనితో ఎరువు ఖర్చూ తగ్గింది. అదే నత్రజని ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, లవణాలు దిగుబడిని తగ్గిస్తాయి. నగరానికి దగ్గరి పొలాల్లో చాలావరకు వరి పోయి, గేదెల మేతకు పారా గడ్డి వచ్చింది.

మురుగుతో పాటు పరిశ్రమల వ్యర్థాలూ నదిలో చేరాయి. నగరంలోని కాటేదాన్ పారిశ్రామికవాడ నేలలో సీసం, క్రోమియం, రాగి, జింకు ఎక్కువగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రజ్ఞుల పరిశీలనలో తేలింది. వరిలో లోహాల నడక ఒక్కలా ఉండదు. సీసం, క్రోమియం ఎక్కువగా వేళ్లలోనే ఆగుతాయి. కాడ్మియం మాత్రం మాంగనీసు వెళ్లే దారినే వేరులోకి చొరబడి గింజ దాకా చేరుతుంది. జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిన్నవారి ఎముకలను విరిచిన ఇటాయి-ఇటాయి జబ్బుకు కారణం కాడ్మియమేనని 1968లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది.

కాడ్మియానికి విరుగుడు మడి నీటిలోనే కొంత ఉంది. నీరు నిలిచిన మడిలో గాలి ఆడక బురద నల్లబడుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. అది గంధకం సల్ఫైడ్‌గా మారిన గుర్తు. ఆ సల్ఫైడ్ కాడ్మియాన్ని పట్టేసి వేరుకు అందనివ్వదు. మడి ఆరితే ఆ బంధం వీడుతుంది. అందుకే జపాన్ రైతులు వెన్ను తీయడానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాతి వరకు మడిలో నీరు నిలుపుతారు. మరో విషపదార్థమైన ఆర్సెనిక్ తీరు దీనికి పూర్తిగా తలకిందులు: నీరు నిలిస్తేనే అది కరిగి మొక్కకెక్కుతుంది. కాబట్టి నేలలో ఏ లోహం ఉందో పరీక్షించాకే నీటి పద్ధతిని ఎంచుకోవాలి.

ఆమ్ల నేలలో సున్నం వేస్తే కాడ్మియం అందడం తగ్గుతుంది. క్షారం ఎక్కువున్న నేలకు దాని అవసరం ఉండదు, అక్కడ జింకు లోపం రాకుండా చూడడం ముఖ్యం. కాడ్మియాన్ని తక్కువగా పీల్చే రకాలనూ జపాన్ శాస్త్రజ్ఞులు రూపొందించారు.

అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధిచేసే కేంద్రాలు వచ్చాయి. అయితే అవి ఇళ్ల మురుగు కోసం కట్టినవి. అక్కడ లోహం నశించదు. కొంత అడుగు మడ్డిలో చేరుతుంది, మిగిలింది నీటితో పోతుంది. కనుక లోహాన్ని ఫ్యాక్టరీ గేటు లోపలే ఆపడం మొదటి బాధ్యత. నేల పరీక్ష, నీటి యాజమాన్యం, గింజ పరీక్ష ఆ తర్వాత రైతుకు అండగా నిలవాల్సిన పనులు.