ఐచ్ఛికరాశి - స్థిరరాశి

బీజగణితము నేర్చు బాలునకు తొలుత నొక సందేహము కలుగును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై నొక యక్షరము వ్రాసి, "ఇది మన యిష్టము వచ్చిన సంఖ్య, అయినను స్థిరము" అని చెప్పును. ఇష్టము వచ్చినది స్థిర మెట్లగును? స్థిరమైనదానిపై మన యిష్ట మెట్లు చెల్లును? ఈ ప్రశ్నను మేము పెద్దల నోటను వినియున్నాము. దీనికి సమాధానము గణితమునందే కాక లోకచరిత్రయందును కలదు.

ఒక వృత్తమును గీయుదము. దాని వ్యాసము మన యిష్టము. జానెడైనను సరే, బారెడైనను సరే. ఇది ఐచ్ఛికరాశి. కాని యొకమారు ఎన్నుకొనిన పిమ్మట లెక్క ముగియువరకు దానిని మార్చరాదు. పరిధిని వ్యాసముచే భాగింపగా వచ్చు స్థిరరాశి మాత్ర మెవ్వరి యిష్టమునకును లోబడదు. 499వ సంవత్సరమునకు చెందిన ఆర్యభటుడు, 20000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 62832 అని చెప్పి, అది 'ఆసన్నము' మాత్రమే యని తానే హెచ్చరించెను. 20000 అను సంఖ్య యాతడు కోరి తీసికొన్నది, 3.1416 అను ఫలము కోరి తెచ్చుకొన్నది కాదు.

అయితే ఏది ప్రకృతిసిద్ధమో, ఏది మానవకల్పితమో గుర్తించుట యన్నిచోట్ల నింత సులభము కాదు. సెకనున కొకసారి ఊగు లోలకము పొడవు లోకమంతటను ఒక్కటే యని 17వ శతాబ్దమున పలువురు పండితులు తలచి, దానినే సార్వజనీనమైన కొలతగా నుంచ గోరిరి. 1672లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషే దక్షిణ అమెరికాలోని కయెన్నుకు పోయి చూడగా, పారిసులో సరిగా నడచిన గడియారము అచట దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడెను. భూమ్యాకర్షణబలము భూమధ్యరేఖకడ కొంత తక్కువ యని యిట్లు తేలెను. భూమి తిరుగుటయు, మధ్య నుబ్బి ధ్రువములకడ నొత్తుకొని యుండుటయు నిందులకు కారణములు. స్థిరమని నమ్మినది పరీక్షకు నిలువలేదు!

కొలతల విషయమున స్వేచ్ఛ మితిమీరినచో నేమగునో ఆ ఫ్రాన్సు దేశమే చూపినది. అచట ఒకే పేరుగల కొలత ఊరూరికి మారుచుండెడిది. ప్రభువులు తమ కుంచముతోనే ధాన్యపు శిస్తు కొలుచుకొనెడివారు. కావుననే 1789 నాటి ప్రజావిజ్ఞప్తులలో ఒకే కొలత కావలెనను కోరిక పలుమారులు వినబడినది. మన తెలుగునాటను మానికయు కుంచమును అన్నియెడల నొక్కటిగా నుండెడివి కావు. ఇచ్చునప్పు డొక మానిక, పుచ్చుకొనునప్పు డొక మానిక యైనచో నష్టపోవువాడు పేదవాడే గదా!

1791లో ఫ్రెంచి పండితులు ఉత్తరధ్రువమునుండి భూమధ్యరేఖ వరకు గల దూరమున కోటవ భాగమును మీటరని నిశ్చయించిరి. డెలాంబరు, మెషేనులు 1792 మొదలు 1798 వరకు డంకర్కు-బార్సిలోనాల నడుమ నేలను కొలిచిరి. 1799లో ప్లాటినపు కడ్డీ సిద్ధమైనది. తరువాతి కొలతలవలన నా కడ్డీ యుద్దేశించిన పొడవుకంటె మిల్లీమీటరులో సుమారు అయిదవవంతు తక్కువయని తెలిసినది. అయినను లోకము కడ్డీని మార్చలేదు. ఏలయన కొలతకు ప్రాణము ఒడంబడిక. మన దేశమును 1956లో చట్టము చేసి, 1958 మొదలు క్రమముగా నీ పద్ధతినే యవలంబించినది.

1983లో మీటరునకు క్రొత్త నిర్వచనము వచ్చినది. వెలుతురు శూన్యమున సెకనులో 299792458వ వంతు కాలమున పోవు దూరమే మీటరు. ఇచట రెండు రాశులును కలిసియున్నవి. వెలుతురు వేగము ప్రకృతి యిచ్చినది. దానిని తెలుపు నంకె మనుష్యులు కూర్చుండి నిర్ణయించినది.

ఇండ్లయందును ఇట్టి రెండు విధములైన విషయములు కలవు. పూర్వు లొకనాడు ఏర్పరచుకొన్న యాచారమును ప్రకృతినియమమని తలచి దానికి బానిసలగుట యొక పొరపాటు. ఆచారము మానవకల్పితమని తెలియగానే, సత్యమును న్యాయమును గూడ కల్పితములే యనుట రెండవ పొరపాటు. పరీక్షించి స్థిరమైనదానికి తలయొగ్గుదము. మనము కల్పించుకొన్నదానిని అందఱికి మేలగునట్లు దిద్దుకొని, దిద్దుకొనిన పిదప మాట తప్పక నడుపుదము. ఇష్టమువచ్చినది స్థిర మెట్లగునను బాలుని ప్రశ్నకు మేము చెప్పగల సమాధాన మిదియే.